పలచటి చమురు పొర, కింద నీరు: నిలువు, హారిజాంటల్, రెండు కాళ్ల బావులను సిమ్యులేటర్‌లో పోల్చడం ఎలా

నార్వే పక్కన ఉత్తర సముద్రంలో 1979లో కనుగొన్న ట్రోల్ క్షేత్రం ప్రధానంగా గ్యాస్ క్షేత్రం. దాని పడమటి భాగంలో గ్యాస్‌కు, నీటికి మధ్య చమురు కూడా ఉంది. అక్కడి ఆయిల్ ప్రావిన్స్‌లో ఆ చమురు పొర మందం మొదట్లో 22 నుంచి 26 మీటర్లే. 300 మీటర్లకు పైగా లోతైన సముద్రం కింద ఇంత పలచటి పొరను నిలువు బావులతో తోడడం గిట్టుబాటు కాదని చాలాకాలం అనుకున్నారు. 1995లో ఉత్పత్తి మొదలైంది హారిజాంటల్ (పొర వెంట అడ్డంగా సాగే) బావుల వల్లే.

ఈ మార్గదర్శిలో ట్రోల్‌ను పోలిన ఒక చిన్న పెట్టె మోడల్ కడతాం. అందులో నిలువు బావి, 788 మీటర్ల హారిజాంటల్ బావి, రెండు కాళ్ల మల్టీలేటరల్ బావి ఒక్కొక్కటే పెట్టి నడుపుతాం. అంకెలు ట్రోల్‌వి కావు, చేత్తో సరిచూసుకోవడానికి వీలుగా ఎంచుకున్నవి. గ్యాస్ క్యాప్‌ను (చమురు మీదుండే గ్యాస్ పొరను) మొదట వదిలేసి చివర్లో చేరుస్తాం. నీరు, గ్యాస్ రెండు సమస్యలనూ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఏ తేడా దేనివల్ల వచ్చిందో తేలదు.

సాఫ్ట్‌వేర్

ఓపీఎం ఫ్లో అనే రిజర్వాయర్ సిమ్యులేటర్ చాలు. ఉచితం, సోర్స్ కోడ్ బహిరంగం, ఎక్లిప్స్ అనే వాణిజ్య సిమ్యులేటర్ పద్ధతిలో రాసిన డెక్‌లను (ఇన్‌పుట్ ఫైళ్లను) చదువుతుంది. లినక్స్‌లో నడుస్తుంది, విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్‌లో (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు వేసుకుంటే సరిపోతుంది. ఫలితాలు చూడటానికి రెస్‌ఇన్‌సైట్, అదీ ఉచితమే. కాకినాడలోనో విశాఖలోనో పెట్రోలియం ఇంజినీరింగ్ చదివే విద్యార్థి కాలేజీ లైసెన్స్ కోసం ఎదురుచూడకుండా తన ల్యాప్‌టాప్‌లోనే ఇదంతా చేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ముందు ఓపీఎం డేటా అనే నమూనాల సంచయంలో ఉన్న ఎస్‌పీఈ1 డెక్‌ను నడిపి చూడండి. అది సవ్యంగా ముగిస్తేనే సొంత డెక్ మొదలుపెట్టండి.

కీవర్డ్‌లను ఇక్కడ పలికేట్టు తెలుగులో రాశాం. డెక్‌లో మాత్రం ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లోనే టైప్ చేయాలి. యూనిట్లన్నీ మెట్రిక్: మీటరు, బార్, మిల్లీడార్సీ, సెంటీపాయిజ్, రోజుకు ఘనపు మీటర్లు.

ముందు కాగితం మీద లెక్క

సిమ్యులేటర్ తెరిచే ముందు పావుగంట చేతి లెక్కకు కేటాయించండి. తర్వాత మోడల్ ఏదో అంకె చూపించినప్పుడు నమ్మాలో వద్దో చెప్పేది ఈ పావుగంటే.

మన పెట్టె పొడవు 2000 మీటర్లు, వెడల్పు 1000 మీటర్లు. చమురు పొర 24 మీటర్లు, దాని కింద 30 మీటర్ల నీటి పొర. పోరాసిటీ (రాయిలో రంధ్రాల వాటా) 0.25, ఆ రంధ్రాల్లో కదలని నీరు 0.20. అడ్డంగా పెర్మియబిలిటీ (ద్రవాన్ని పోనిచ్చే గుణం) 500 మిల్లీడార్సీలు, నిలువుగా 50. చమురు స్నిగ్ధత (చిక్కదనం) 1.5 సెంటీపాయిజ్, బీఓ (ఉపరితలం మీది ఒక ఘనపు మీటరు చమురు రిజర్వాయర్‌లో ఆక్రమించే పరిమాణం) 1.15. రిజర్వాయర్ పరిస్థితుల్లో చమురు సాంద్రత ఘనపు మీటరుకు 850 కిలోలు, నీటిది 1020.

మొత్తం చమురు: 2000 × 1000 × 24 × 0.25 × 0.80 ÷ 1.15. అంటే ఉపరితలం మీద కొలిచే లెక్కలో 83.5 లక్షల ఘనపు మీటర్లు.

అసలు కథంతా తర్వాతి అంకెలో ఉంది. నీటికీ చమురుకూ సాంద్రత తేడా 170 కిలోలు. నీటిని కిందికి పట్టి ఉంచే గురుత్వం ఒక్కో మీటరుకు 0.0167 బార్. 24 మీటర్ల పొర మొత్తానికీ కలిపి 0.4 బార్. బావి లాగే లాగుడుకు ప్రకృతి ఇచ్చే ఎదురు ఇంతే. ఇక రోజుకు 500 ఘనపు మీటర్లు తీయడానికి ఒక్కో బావికి ఎంత డ్రాడౌన్ (రిజర్వాయర్‌కూ బావికీ మధ్య ఒత్తిడి తేడా) కావాలో చూద్దాం.

నిలువు బావిని 24 మీటర్లూ పర్ఫొరేట్ చేస్తే (గొట్టానికి రంధ్రాలు పెట్టి తెరిస్తే) ఉత్పాదకత సూచిక, అంటే ఒక్కో బార్ డ్రాడౌన్‌కు రోజూ వచ్చే చమురు, బార్‌కు 42 ఘనపు మీటర్లు, డ్రాడౌన్ 12 బార్. కానీ నీటికి దూరంగా ఉండాలని పైన 6 మీటర్లే పర్ఫొరేట్ చేస్తాం కదా, అప్పుడు పాక్షిక పర్ఫొరేషన్ స్కిన్ (అదనపు ప్రవాహ నిరోధం) 14 దాకా కలిసి డ్రాడౌన్ 30 బార్ దాటుతుంది. హారిజాంటల్ బావికి జోషి సూత్రం ప్రకారం సూచిక బార్‌కు 197, డ్రాడౌన్ 2.5 బార్.

0.4 బార్ ఎదురుకు ఒకచోట 30 బార్ లాగుడు, మరోచోట 2.5. రెండు చోట్లా నీరు వస్తుంది. ఎప్పుడు, ఎంత వేగంగా పెరుగుతుంది అన్నదే తేడా. నీరు అసలు రాకుండా నిలువు బావి ఎంత ఇవ్వగలదో మేయర్–గార్డర్ సూత్రంతో చూడండి. పై (π), పెర్మియబిలిటీ, సాంద్రత తేడా, గురుత్వ త్వరణం, పొర మందం వర్గంలోంచి పర్ఫొరేషన్ పొడవు వర్గం తీసేసిన విలువ: వీటన్నిటినీ గుణించాలి. వచ్చినదాన్ని స్నిగ్ధత, బీఓ, డ్రైనేజీ వ్యాసార్థాన్ని బావి వ్యాసార్థంతో భాగించగా వచ్చినదాని సహజ లాగరిథమ్, ఈ మూడింటి లబ్ధంతో భాగించాలి. మన అంకెలకు రోజుకు సుమారు 8 ఘనపు మీటర్లు వస్తుంది. ఈ సూత్రం కాస్త నిరాశావాది, తక్కువే చూపిస్తుంది. రెట్టింపు వేసుకున్నా 16. కావలసింది 500.

గ్రిడ్ కట్టడం

ఎక్కువమంది పొరపాటు ఇక్కడే చేస్తారు. 50 మీటర్ల సమాన సెల్స్‌తో గ్రిడ్ వేసి, మూడు బావులూ నడిపి, గ్రాఫ్ గీసేస్తారు. నీటి శంకువు (బావి లాగుడుకు నీరు శంకువులా పైకి లేవడం, దీన్నే కోనింగ్ అంటారు) బావి దగ్గర పది ఇరవై మీటర్ల వెడల్పులో మొదలవుతుంది. 50 మీటర్ల సెల్‌లో అది సగటై చదునైపోతుంది, నీరు రావలసినదానికంటే ఆలస్యంగా వచ్చినట్టు కనిపిస్తుంది. పైగా ఈ తప్పు నిలువు బావికి ఎక్కువ మేలు చేస్తుంది, హారిజాంటల్‌కు తక్కువ. అప్పుడు మనం పోల్చేది బావులను కాదు, గ్రిడ్ తప్పులను.

వెడల్పు దిశలో, అంటే జే దిశలో, నడి వరుస 4 మీటర్లు పెట్టండి. అక్కడినుంచి రెండు వైపులా 4, 6, 9, 14, 22, 34, 52, 78, 117, 162 మీటర్లు. ఒక వైపు 498 మీటర్లు, నడి వరుసలో సగం 2 కలిపి 500. మొత్తం 21 వరుసలు, నడి వరుస 11వది. పక్కపక్క సెల్స్ నిష్పత్తి 1.6 దాటకుండా చూసుకున్నాం. రెట్టింపు దాటితే సాల్వర్ నడుస్తుంది గానీ నీటి హద్దు గతుకులుగా కదులుతుంది.

పొడవు దిశలో, అంటే ఐ దిశలో, నడిమధ్య 4, అటూ ఇటూ 4, 6, 9, 14, 22, 34, ఆ తర్వాత 50.5 మీటర్ల సెల్స్ పద్దెనిమిదేసి. మొత్తం 49 నిలువు వరుసలు, నడిమిది 25వది. నిలువు బావికి రెండు దిశల్లోనూ సన్నటి సెల్ దొరకాలనే ఇలా చేశాం.

లోతు దిశలో చమురు పొరకు 1.5 మీటర్ల పొరలు 16. నీటి పొరకు 1.5, 1.5, 3, 6, 8, 10 మీటర్లు, మొత్తం 6. కలిపి 22 పొరలు. సెల్స్ 49 × 21 × 22, అంటే 22,638. పై అంచు 1550 మీటర్లు, చమురు–నీటి హద్దు 1574 మీటర్లు. హద్దు కచ్చితంగా పొర అంచు మీదే పడేట్టు చూసుకోండి. సెల్ మధ్యలో పడితే ఆ సెల్‌కు ఒకే సంతృప్తత (రంధ్రాల్లో నీటి వాటా) వేసి, ఉన్న చమురును తప్పుగా లెక్కిస్తుంది.

రాయి, ద్రవాల పట్టికలు

నీరు, చమురు ఎలా కదులుతాయో చెప్పే ఎస్‌డబ్ల్యూఓఎఫ్ పట్టికకు ఈ విలువలు వాడండి. నీటి సంతృప్తత 0.20 దగ్గర నీటి సాపేక్ష పెర్మియబిలిటీ (రెండు ద్రవాలున్నప్పుడు పెర్మియబిలిటీలో ఒక్కోదానికి దక్కే వాటా) 0, చమురుది 1. తర్వాత 0.31 దగ్గర 0.0024, 0.64. 0.42 దగ్గర 0.0192, 0.36. 0.53 దగ్గర 0.0648, 0.16. 0.64 దగ్గర 0.1536, 0.04. 0.75 దగ్గర 0.3, 0. చివర 1.0 దగ్గర 1, 0. నీటికి ఘాతం 3, చమురుకు 2 పెట్టి లెక్కకట్టిన కోరీ వక్రాలివి.

నాలుగో నిలువు వరుస కేపిలరీ ఒత్తిడి, అంటే సన్నటి రంధ్రాల్లో చమురుకూ నీటికీ మధ్య ఒత్తిడి తేడా. దీన్ని ఇంకో డెక్‌లోంచి కాపీ చేయడం చాలా మామూలు, చాలా ప్రమాదం కూడా. మీటరుకు 0.0167 బార్ అన్న అంకె గుర్తుంది కదా. పట్టికలో పై విలువ 0.3 బార్ ఉంటే నీరు–చమురు కలగలిసిన పరివర్తన మండలం 18 మీటర్లు పైకి పాకుతుంది. 24 మీటర్ల పొరలో ఇక శుద్ధమైన చమురు 6 మీటర్లే. వంద మీటర్ల మందం ఉన్న పొరలో ఎవరికీ కనిపించని పొరపాటు ఇక్కడ మోడల్‌ను ముంచేస్తుంది. 0.20 దగ్గర 0.05 బార్ పెట్టి 0.75 దగ్గరికి వచ్చేసరికి సున్నాకు దించండి. పరివర్తన మండలం 3 మీటర్లు ఉంటుంది.

చమురుకు పీవీడీఓ పట్టిక (కరిగిన గ్యాస్ లేని చమురు గుణాలు) చాలు, బబుల్ పాయింట్ (చమురులోంచి గ్యాస్ విడివడే ఒత్తిడి) కిందికి ఒత్తిడిని పోనివ్వం కాబట్టి. 100 బార్ దగ్గర బీఓ 1.155, స్నిగ్ధత 1.48. 158 దగ్గర 1.150, 1.50. 250 దగ్గర 1.143, 1.54. నీటికి 158 బార్ దగ్గర బీడబ్ల్యూ 1.01, కంప్రెసిబిలిటీ 4.5 × 10⁻⁵, స్నిగ్ధత 0.5. రాయి కంప్రెసిబిలిటీ 5 × 10⁻⁵.

డెన్సిటీ కీవర్డ్ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్కడ అడిగేది ఉపరితల సాంద్రత. పీవీడీఓలో కరిగిన గ్యాస్ లేదు కాబట్టి సిమ్యులేటర్ ఉపరితల సాంద్రతను బీఓతో భాగించి రిజర్వాయర్ సాంద్రత తీసుకుంటుంది. మీరు 850 అని రాస్తే లోపల చమురు 739 కిలోలే అవుతుంది. నీటితో తేడా 170 బదులు 281. నీటిని పట్టి ఉంచే గురుత్వం 65 శాతం పెరిగి, కోనింగ్ ఉన్నదానికంటే సౌమ్యంగా కనిపిస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు. లోపల 850 కావాలంటే 977.5 రాయాలి. నీటికి 1030 రాయండి, లోపల 1020 వస్తుంది. 977.5 చూడటానికి వింతగా ఉంటుంది. పక్కన కామెంట్ రాసి పెట్టండి, లేకపోతే వచ్చే నెల ఎవరో ఒకరు దాన్ని "సరిదిద్దుతారు".

ప్రారంభ స్థితి, కింది నీటి బలం

ప్రారంభ స్థితిని చెప్పే ఈక్విల్‌లో డేటమ్ (ఒత్తిడికి ఆధారమైన) లోతు 1574, ఒత్తిడి 158 బార్, చమురు–నీటి హద్దు 1574, అక్కడ కేపిలరీ ఒత్తిడి 0. గ్యాస్ హద్దును రిజర్వాయర్‌కు బాగా పైన, 1000 మీటర్ల దగ్గర వేసేయండి.

కింది అక్విఫర్‌కు (నీటి నిల్వకు) సులువైన దారి: అట్టడుగు పొరకు మల్ట్‌పీవీ 1000. ఆ పొర రంధ్రాల పరిమాణం 50 లక్షల ఘనపు మీటర్లు, వెయ్యి రెట్లు చేస్తే 500 కోట్లు. మొత్తం కంప్రెసిబిలిటీ 9.5 × 10⁻⁵తో గుణిస్తే ఒక్కో బార్ పడినప్పుడు 4.75 లక్షల ఘనపు మీటర్ల నీరు పైకి వస్తుంది. 15 ఏళ్లపాటు రోజుకు 500 తీస్తే రిజర్వాయర్ లెక్కలో సుమారు 30 లక్షలు. కాబట్టి సగటు ఒత్తిడి 6–7 బార్ పడాలి. మోడల్‌లో 40 బార్ పడిందంటే మల్ట్‌పీవీ పని చేయలేదన్నమాట. సాధారణంగా దాన్ని తప్పు పొరకు వేసి ఉంటారు.

బావులేవీ లేకుండా మోడల్‌ను 10 ఏళ్లు ఊరికే నడపండి. ఏదీ కదలకూడదు. ఒత్తిడో సంతృప్తతో మారుతోందంటే ప్రారంభ సమతుల్యం లేదు, వెనక్కి వెళ్లి ఈక్విల్ చూడండి. తర్వాత పీఆర్‌టీ ఫైల్‌లో (సిమ్యులేటర్ రాసే రన్ రిపోర్ట్) మొత్తం చమురు చూడండి. 83.5 లక్షల కంటే కాస్త తక్కువ ఉండాలి, పరివర్తన మండలం కొంత తినేస్తుంది కాబట్టి. ఎక్కువ ఉంటే ఎక్కడో తప్పుంది.

మొదటి డిజైన్: నిలువు బావి

వెల్‌స్పెక్స్‌లో బావిని 25, 11 స్థానంలో పెట్టండి. కంప్‌డాట్‌లో పొర 1 నుంచి 4 వరకు, అంటే పై 6 మీటర్లు, తెరవండి. దిశ జెడ్. తొమ్మిదో స్థానంలో అడిగేది బావి వ్యాసం, వ్యాసార్థం కాదు. ఎనిమిదిన్నర అంగుళాల రంధ్రానికి 0.216.

డబ్ల్యూకాన్‌ప్రాడ్‌లో నియంత్రణ ఎల్‌రాట్, అంటే మొత్తం ద్రవం రేటు, రోజుకు 500. బావి అడుగు ఒత్తిడి కనీసం 105 బార్, బబుల్ పాయింట్‌ను 100 అనుకున్నాం కాబట్టి. నూనె రేటు మీద నియంత్రణ పెట్టకండి. నీరు పెరిగేకొద్దీ అదే నూనె కోసం బావి అంతకంతకూ ఎక్కువ ద్రవం లాగుతుంది, కోనింగ్ తనను తానే ఎగదోసుకుంటుంది, మూడు డిజైన్లకూ ద్రవం పరిమాణం వేరైపోయి పోలిక చెడుతుంది.

టైమ్ స్టెప్స్ 1, 4, 10, 15 రోజులతో మొదలుపెట్టి, తర్వాత నెలకొకటి. బావి ఉన్న సెల్ 4 × 4 × 1.5 మీటర్లు, రంధ్రాల పరిమాణం 6 ఘనపు మీటర్లే. నాలుగు సెల్స్ కలిపి 24. వాటిగుండా రోజుకు 575 ఘనపు మీటర్లు పోతాయి, అంటే ఆ సెల్స్ రోజుకు 24 సార్లు ఖాళీ అయి నిండుతున్నాయి. నీరు తాకే రోజుల్లో సాల్వర్ స్టెప్‌లను గంటల్లోకి తరిగేస్తే కంగారు పడకండి, అది మామూలే. నీరు వచ్చి నెలలు గడిచినా కోతలు ఆగకపోతే సాపేక్ష పెర్మియబిలిటీ పట్టికలో నిట్టనిలువు మెట్టు ఏదైనా ఉందేమో చూడండి.

రెండో డిజైన్: హారిజాంటల్

జే వరుస 11, పొర 2, ఐ 13 నుంచి 37 వరకు 25 సెల్స్. పొడవు 788 మీటర్లు. పొర 2 మధ్య లోతు 1552.25, నీటికి దూరం 21.75 మీటర్లు. గ్యాస్ లేదు కాబట్టి వీలైనంత పైన పెట్టాం. ఏకంగా మొదటి పొరలోనే పెట్టవచ్చు కదా అంటారేమో. నిజంగా డ్రిల్ చేసేటప్పుడు పై రాయిలోకి బిట్ జారిపోకుండా ఉంచుకునే మీటరున్నర అది.

కంప్‌డాట్‌లో ఒక్కో సెల్‌కు ఒక్కో వరుస రాయాలి. పదమూడో స్థానంలో దిశ ఎక్స్ అని తప్పనిసరిగా రాయండి. వదిలేస్తే డిఫాల్ట్ జెడ్. అప్పుడేమవుతుందో 50.5 × 4 × 1.5 మీటర్ల సెల్‌కు లెక్కేద్దాం.

ఎక్స్ దిశలో పీస్‌మన్ సమాన వ్యాసార్థం (బావి నుంచి సెల్ ఒత్తిడి వర్తించే దూరం) వై, జెడ్ కొలతల నుంచి వస్తుంది: 0.42 మీటర్లు. బావి వ్యాసార్థం 0.108. లాగ్ 1.352. పెర్మియబిలిటీగా 500, 50ల గుణోత్తర సగటు 158, పొడవు 50.5. కనెక్షన్ ఫ్యాక్టర్ (సెల్ నుంచి బావిలోకి ప్రవాహం ఎంత తేలికో చెప్పే అంకె) 316 వస్తుంది. జెడ్ అని వదిలేస్తే సమాన వ్యాసార్థం 7.09 మీటర్లు, పొడవు 1.5, ఫ్యాక్టర్ 9.6. ముప్పై మూడు రెట్ల తేడా. అంటే 788 మీటర్ల బావి పెట్టాననుకుంటూ మీరు 25 చిన్న నిలువు బొడిపెలను పెట్టారు. బావి నడుస్తుంది, గ్రాఫ్ వస్తుంది, "హారిజాంటల్ పెద్ద లాభం లేదు" అన్న రిపోర్ట్ కూడా తయారవుతుంది. పీఆర్‌టీ ఫైల్‌లో కనెక్షన్ ఫ్యాక్టర్ల పట్టికను చేతి లెక్కతో ఒక్కసారి పోల్చితే ఇది రెండు నిమిషాల్లో దొరుకుతుంది. వ్యాసం బదులు వ్యాసార్థం రాసినా ఇక్కడే బయటపడుతుంది: 316 ఉండాల్సిన చోట 209 కనిపిస్తుంది.

ఇదే లెక్కను 50 మీటర్ల వెడల్పు వరుసతో వేస్తే సమాన వ్యాసార్థం 3.38 మీటర్లు. పొర మందమే 1.5. సూత్రం తన పరిధి దాటిపోయిందన్నమాట. గ్రిడ్‌ను సన్నగా కట్టడానికి ఇదీ ఒక కారణం.

నియంత్రణ అంతా నిలువు బావికి పెట్టినట్టే. ఒక్క అక్షరం మార్చకండి.

గొట్టంలో ఘర్షణ: సెగ్మెంట్లు ఎప్పుడు కావాలి

మామూలు బావి మోడల్‌లో గొట్టం లోపల ఘర్షణ ఉండదు. మడమ (అడ్డం భాగం మొదలు) దగ్గరా బొటనవేలు (దాని చివర) దగ్గరా ఒత్తిడి ఒకటే. ఇది సరిపోతుందా? గొట్టం లోపలి వ్యాసం 0.124 మీటర్లు, గరుకుదనం 0.0001 మీటర్లు అనుకోండి. రోజుకు 500 దగ్గర మొత్తం పొడవుకూ ఘర్షణ 0.07 బార్. డ్రాడౌన్ 2.5 బార్ కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. రోజుకు 3000కు వెళ్తే ఘర్షణ 2 బార్, డ్రాడౌన్ 15. మడమ వైపు కాస్త ఎక్కువ లాగుతుంది.

ఇప్పుడు పెర్మియబిలిటీని పది రెట్లు, 5 డార్సీలు చేయండి. 3000 రేటుకు రాయిలో డ్రాడౌన్ 1.5 బార్‌కు పడిపోతుంది, గొట్టంలో ఘర్షణ మాత్రం 2 బారే. బావిలో మడమ వైపు భాగమే దాదాపు పనంతా చేస్తుంది, నీరు ముందు అక్కడే తాకుతుంది, చివరి వందల మీటర్లు డబ్బు పోసి తవ్విన ఖాళీ గొట్టంగా మిగులుతాయి. రాయి మంచిదయ్యేకొద్దీ బావికి కష్టం పెరగడం వింతగా అనిపిస్తుంది గానీ, ట్రోల్‌లో ఎదురైంది ఇదే. ఇన్‌ఫ్లో కంట్రోల్ పరికరాలు (ఐసీడీలు, బావి పొడవునా ప్రవాహాన్ని సమం చేసేవి) 1990లలో అక్కడి బావుల కోసమే పుట్టాయి.

కాబట్టి ఘర్షణ డ్రాడౌన్‌లో పదో వంతు దాటితే గొట్టాన్ని సెగ్మెంట్లుగా (ముక్కలుగా) విడగొట్టే వెల్‌సెగ్స్, కంప్‌సెగ్స్ రాయండి. ఒత్తిడి లెక్కలో ఘర్షణను చేర్చే ఆప్షన్ పెట్టండి. ఒక్కో గ్రిడ్ సెల్‌కు ఒక్కో సెగ్మెంట్ చాలు.

నాజిల్ రకం ఐసీడీకి డబ్ల్యూసెగ్‌వాల్వ్. ఉదాహరణకు 12 మీటర్ల గొట్టానికి రెండు 4 మిల్లీమీటర్ల నాజిల్స్. 3000 రేటుకు 65 గొట్టాలు సమానంగా పంచుకుంటే ఒక్కో నాజిల్‌లో వేగం సెకనుకు 24 మీటర్లు. డిశ్చార్జ్ గుణకం 0.66తో ఒత్తిడి పతనం 5.8 బార్. 2 బార్ ఘర్షణను అణచడానికి అది ధారాళంగా సరిపోతుంది. మూడు నాజిల్స్ పెడితే 2.6 బార్. జారిపడేది ఎక్కడంటే: మీ సెగ్మెంట్ 50.5 మీటర్లు, అందులో నాలుగు గొట్టాలకు పైగా ఉన్నాయి. వాల్వ్ వైశాల్యం ఒక్క గొట్టానిది రాస్తే ప్రవాహం నాలుగు రెట్లు చిన్న రంధ్రంలోంచి పోవాల్సి వస్తుంది, పతనం వర్గంలో పెరిగి దాదాపు పదహారు రెట్లవుతుంది. బావి గొంతు నులిమినట్టే.

మూడో డిజైన్: రెండు కాళ్లు

ఒకే తల్లి బావి నుంచి రెండు సమాంతర కాళ్లు, వెడల్పులో 250, 750 మీటర్ల దగ్గర. మన గ్రిడ్‌లో అక్కడి వరుసలు 117 మీటర్ల వెడల్పు. అలాగే పెడితే కాళ్ల కింద నీటి గట్టు సగటైపోయి ఈ డిజైన్ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. కాబట్టి 250, 500, 750 మూడు చోట్లా 4 మీటర్ల నడి వరుసతో జే దిశను మళ్లీ కట్టండి. కట్టాక మొదటి రెండు బావులనూ ఈ కొత్త గ్రిడ్‌లో మళ్లీ నడపండి. ఇది విసుగు పనే, కానీ తప్పించుకోకండి. పాత గ్రిడ్‌కూ కొత్త గ్రిడ్‌కూ ఉత్పత్తైన మొత్తం చమురులో రెండు మూడు శాతం కంటే తేడా వస్తే పాతది చాలలేదని అర్థం.

కాళ్ల పొడవు రెండు రకాలుగా నడపండి. ఒకసారి ఒక్కోటి 394 మీటర్లు, అంటే మొత్తం తవ్వకం హారిజాంటల్‌తో సమానం. ఇంకోసారి ఒక్కోటి 788. మొదటిది బావి ఆకారం వల్ల వచ్చే లాభం చెబుతుంది, రెండోది ఎక్కువ తవ్వడం వల్ల వచ్చేది. రెండోదాన్ని మాత్రమే చూపించి మల్టీలేటరల్ గెలిచిందని చెప్పే స్లైడ్‌లు చాలానే తిరుగుతుంటాయి.

వెల్‌సెగ్స్‌లో తల్లి బావి శాఖ 1, కాళ్లు 2, 3. సెగ్మెంట్లు లేకుండా కంప్‌డాట్ ఒక్కటే రాసినా మోడల్ నడుస్తుంది, కానీ రెండు కాళ్లకూ ఒకే ఒత్తిడి ఉన్నట్టు లెక్కిస్తుంది. ఒక కాలికి నీరు పట్టాక రెండోది ఎలా దెబ్బతింటుందో అందులో కనిపించదు.

పోల్చేటప్పుడు

సమ్మరీ సెక్షన్‌లో ఎఫ్‌ఓపీఆర్ (చమురు రేటు), ఎఫ్‌ఓపీటీ (ఉత్పత్తైన మొత్తం చమురు), ఎఫ్‌డబ్ల్యూపీటీ (మొత్తం నీరు), డబ్ల్యూడబ్ల్యూసీటీ (వాటర్ కట్, అంటే బావి ద్రవంలో నీటి వాటా), డబ్ల్యూబీహెచ్‌పీ (బావి అడుగు ఒత్తిడి), ఎఫ్‌పీఆర్ (రిజర్వాయర్ సగటు ఒత్తిడి) అడగండి. మొదట డబ్ల్యూబీహెచ్‌పీ చూడండి. ఏ డిజైన్ అయినా 105 బార్‌ను తాకిందంటే అది ఇక 500 ద్రవం ఇవ్వడం లేదు. నిలువు బావి అంచుకు దగ్గరగా నడుస్తుంది కాబట్టి ఇది జరగవచ్చు.

రోజుకు 500 ద్రవం, 15 ఏళ్లు అంటే మొత్తం 27.4 లక్షల ఘనపు మీటర్లు. ఒక్క చుక్క నీరు రాకపోయినా ఉన్న చమురులో 33 శాతమే వస్తుంది. కాబట్టి రికవరీ శాతాలు చూసి "ఇంత తక్కువా" అనుకోకండి, పైకప్పు మనమే కట్టాం. తేడా మొత్తం వాటర్ కట్‌లో కనిపిస్తుంది. అందుకే వాటర్ కట్‌ను కాలంతో కాక ఉత్పత్తైన మొత్తం చమురుతో గీయండి. 90 శాతం వాటర్ కట్ వచ్చేసరికి ఒక్కో బావి ఎంత చమురు ఇచ్చిందో చదివితే చాలు, మిగతా గ్రాఫ్‌లు అలంకారమే.

తర్వాత నిలువు పెర్మియబిలిటీని 5, 50, 500గా మార్చి అన్నీ మళ్లీ నడపండి. 5 దగ్గర హారిజాంటల్ సూచిక 197 నుంచి 124కు పడుతుంది. అదే సమయంలో నీరు పైకి రావడమూ కష్టమవుతుంది, నిలువు బావికి అది వరం. రెండు డిజైన్ల మధ్య దూరం అక్కడ తగ్గుతుంది. 500 దగ్గర ఇది తిరగబడి ఆ దూరం పెరుగుతుంది. కోర్ నమూనాల్లో కొలిచిన నిలువు పెర్మియబిలిటీని నేరుగా వాడకండి. అరచేతిలో పట్టే రాయిముక్కలో లేని పలచటి షేల్ పొరలు, సున్నం పట్టిన గట్టి పలకలు 50 మీటర్ల సెల్‌లో ఉంటాయి. ట్రోల్‌లోని సోగ్నెఫ్యోర్డ్ ఇసుకరాయిలోనూ కాల్సైట్ పలకలున్నాయి. పలక బావికీ నీటికీ మధ్య ఉంటే నీటిని ఆపుతుంది, పలక కిందున్న చమురునూ బావికి రానివ్వదు.

గ్యాస్ క్యాప్ చేర్చినప్పుడు

పైన గ్యాస్ ఉంటే పీవీడీఓ పనికిరాదు. పీవీటీఓ (కరిగిన గ్యాస్ ఉన్న చమురు), పీవీడీజీ (గ్యాస్), ఎస్‌జీఓఎఫ్ (గ్యాస్–చమురు సాపేక్ష పెర్మియబిలిటీ) పట్టికలు రావాలి, డిస్‌గ్యాస్ (చమురులో కరిగిన గ్యాస్) తెరవాలి, ఈక్విల్‌లో గ్యాస్ హద్దును 1550కి తేవాలి, పైన గ్యాస్ పొరలు కలపాలి. డెన్సిటీలో 977.5ను మాత్రం మరచిపోకుండా నిజమైన ఉపరితల సాంద్రతకు మార్చండి. కరిగిన గ్యాస్ బరువును ఇప్పుడు సిమ్యులేటరే కలుపుకుంటుంది.

గ్యాస్ సాంద్రత లోపల 130 కిలోలనుకుంటే చమురుతో తేడా 720. గురుత్వం మీటరుకు 0.07 బార్ పట్టి ఉంచుతుంది, నీటి విషయంలోకంటే నాలుగు రెట్లు. అయితే గ్యాస్ స్నిగ్ధత సెంటీపాయిజ్‌లో యాభయ్యో వంతు. ఒక్కసారి బావిలోకి దారి దొరికితే చమురును పక్కకు నెట్టేస్తుంది. నీరు కలిసినా బావి చమురు ఇస్తూనే ఉంటుంది, గ్యాస్ దూరితే రేటు కుప్పకూలుతుంది. అందుకే ట్రోల్‌లో బావులను నీటి హద్దుకు దగ్గరగా వేశారు.

మీ మోడల్‌లో హారిజాంటల్ బావిని చమురు పొరల్లో 4, 8, 12, 14, 16 స్థానాల్లో పెట్టి ఐదు రన్‌లు నడపండి. డబ్ల్యూకాన్‌ప్రాడ్‌లో గ్యాస్ రేటుకూ ఒక పరిమితి పెట్టండి, ప్లాట్‌ఫామ్ మీద కంప్రెసర్ ఎంత మోయగలదో అంత. ఆ పరిమితి లేకుండా నడిపితే పై స్థానాలు బాగున్నట్టు కనిపిస్తాయి. పరిమితి పెట్టాక చూడండి, మంచి స్థానం కిందికి జారుతుంది.